లాలాపేటలో రెండు గదులు

మా ఉద్యోగుల పొదుపు సొసైటీ ఆఫీసు యూనివర్సిటీ క్యాంపస్‌లో పరిపాలన భవనం వెనక, రెండు వేపచెట్ల మధ్యనున్న పాత రాతి కట్టడంలో ఉంది. గుమ్మం పక్కన బోర్డు మీద నా హోదా ‘ఆర్థిక సలహాదారు’ అని రాసి ఉంటుంది. ఈ పందొమ్మిదేళ్లలో ఆ మాటతో నన్ను పిలిచినవాళ్లు ఒక్కరూ లేరు. యూనివర్సిటీ ఉద్యోగులందరికీ నేను ‘లోన్ల మేడం’ను. మా అకౌంటెంటుకు మాత్రం ఇంకో పేరు. ఆయన గోదావరి వైపు నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డ మనిషి, నోరు ఊరుకోదు. నేను గుమ్మంలో కాలు పెట్టగానే, "మహారాణీవారు వేంచేశారండోయ్, ఫ్యాను వెయ్యండి" అనేవాడు. నేను నవ్వేదాన్ని కాదు. గంజి పెట్టిన నూలు చీర కట్టుకుని, వీపు కుర్చీకి ఆనించకుండా కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న గ్లాసులోనే నీళ్లు తాగే ఆడమనిషిని ఆఫీసులో ఏమంటారో నాకు తెలియనిది కాదు. అన్నా అలవాటు మార్చుకోలేదు. మాకు మిగిలింది ఆ కూర్చునే తీరొక్కటే.

జీతంలోంచి నెలనెలా కొంత పొదుపు కోసుకుంటాం. దాని మీద అప్పిస్తాం. రిటైరయ్యే రోజు లెక్క తేల్చి, ‘బాకీ లేదు’ అని కాగితం ఇస్తాం. ఆ కాగితం లేనిదే సభ్యులకు యూనివర్సిటీ రిటైర్‌మెంటు డబ్బు విడుదల చేయదు. ఎవరు ఎంత దాచాలి, ఎవరు ఎంత తీసుకోవచ్చు, తీసుకుంటే ఎట్లా కట్టాలి, ఇవి చెప్పడం నా పని. అప్పుకు ఇద్దరు సభ్యుల జామీను కావాలి. క్యాంపస్‌లో ఈ జామీను సంతకానికి ఒక మర్యాద ఉంది. అడిగితే కాదనరు. క్యాంటీన్‌కు తీసుకుపోయి, చాయ్ తాగించి, ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని తినేలోపల ఫారం ముందు పెడతారు. ఈరోజు నువ్వు నాకు పెడితే రేపు నేను నీకు పెడతాను. లైబ్రరీ గుమాస్తా తోటమాలికి, తోటమాలి డ్రైవరుకు, డ్రైవరు మళ్లీ లైబ్రరీ గుమాస్తాకు. పెట్టేవాళ్లలో సగం మంది ఫారం చదవరు. చదివితే అవతలివాడిని అనుమానించినట్టు.

కెమిస్ట్రీ ల్యాబులో అటెండరొకడు చదివేవాడు. చదివి, అర్థం కానిచోట వేలు పెట్టి నన్ను అడిగేవాడు. అతని రెండు చేతుల వేళ్ల చివరలు ఆమ్లాలకు పసుపు తిరిగి ఉండేవి. నేను ఉద్యోగంలో చేరిన ఏడాదే, బోర్డు మీద మా ఇంటిపేరు చూసి, బల్ల ముందు నిలబడి మెల్లగా మా ఊరి పేరు చెప్పి అడిగాడు.

"గడీ దొరవారి మనుమరాలా మీరు?"

అవునన్నట్టు తల ఊపాను. అతని తండ్రి మా తాతగారి దగ్గర పాలేరుగా జీతం ఉన్నాడట. నాకు గుర్తు లేదు. గడీలో జీతం ఉన్నవాళ్లు చాలామంది. ఆ రోజు నుంచి అతను నన్ను ‘దొరసాని’ అన్నాడు. ఈ కాలంలో, ఈ క్యాంపస్‌లో, ఆ మాటకు వ్యతిరేకంగా ఎన్ని ఊరేగింపులు జరిగాయో చూసినదాన్ని. ఒకసారి మందలించాను కూడా. "అట్లా అనొద్దు, నలుగురూ వింటారు" అన్నాను. "వినని తియ్యుండ్రి" అన్నాడు. రెండోసారి మందలించలేదు. నిజం రాయాలంటే, వారానికొకసారి ఆ మాట చెవిన పడితే నాకు బాగుండేది. బల్ల ముందున్న కుర్చీ చూపించి కూర్చోమంటే కూర్చునేవాడు కాదు. ఆ కుర్చీలో ప్రొఫెసర్లూ కూర్చున్నారు, పాకీ పనివాళ్లూ కూర్చున్నారు. అతనొక్కడు పందొమ్మిదేళ్లూ నిలబడే మాట్లాడాడు. నేనూ రెండోసారి చెప్పేదాన్ని కాదు.

అతనికి ఒకటే కోరిక, లాలాపేటలో రెండు గదులు. సర్వీసంతా క్యాంపస్ క్వార్టర్సులోనే గడిచింది. రిటైరైన కొద్ది నెలల్లో అది ఖాళీ చేయాలి. లాలాపేటలో, రైలు పట్టాల చప్పుడు వినపడేంత దగ్గర్లో, ఒక పాత ఇంటి మొదటి అంతస్తు అమ్మకానికి వచ్చింది. రెండు గదులు, వంటిల్లు, బట్టలారేసుకోను ఇంత జాగా. ఫోనులో ఫోటో చూపించాడు. గోడలకు పచ్చ సున్నం, కిటికీలో ఎవరో వదిలేసి పోయిన తులసి కుండీ.

"మెట్లు నిట్టనిలువు ఉన్నయి దొరసాని. మా ఆమె మోకాళ్లకు కష్టమే. గానీ ఎక్కినంక ఎవ్వడూ దిగుమనడు గద."

అతని కోసం నేనొక కాగితం తయారుచేశాను. ఒక వైపు రిటైర్‌మెంటు రోజు చేతికొచ్చే మొత్తం, ఇంకో వైపు ఇంటి ధర. బయానాగా ఎంత ఇవ్వాలి, మిగతాది ఎన్నాళ్లలో కట్టాలి, రిజిస్ట్రేషన్‌కు ఎంత పక్కన పెట్టాలి. ముప్పైసార్లు కూడి చూసి ఉంటాను. సరిగ్గా సరిపోయింది. పైన ఒక్క ఇరవై వేలు మిగిలింది. "గా ఇరవై వేలతోని దసరాకు మా ఆమెకు ముక్కుపుడక" అన్నాడు. బయానా ఇచ్చేశాడు. ఒప్పందం ప్రకారం, రిటైరైన రెండు నెలల్లో మిగతా సొమ్ము కట్టకపోతే బయానా పోతుంది. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి జేబులో పెట్టుకు తిరిగేవాడు. నా ఉద్యోగంలో నేను రాసిన కాగితాల్లో నాకు గర్వంగా అనిపించింది అదొక్కటే.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. చెప్పడం నాకు ఇష్టం లేదు.

మా నాన్నగారు సహకార బ్యాంకులో పంట అప్పు తీసుకుని కట్టలేకపోయారు. అప్పటికే భూములు కోర్టుల్లో ఉన్నాయి. నేను ఆరో తరగతిలో ఉండగా ఒక ఉదయం బ్యాంకు జీపు వచ్చింది. జీపు మీద మైకు. నాన్నగారి పేరు, తాతగారి పేరు, ఇంటిపేరు, బాకీ ఎంతో పైసలతో సహా చదువుతూ ఊరంతా రెండుసార్లు తిరిగారు. తర్వాత గడీ ముందు ఆగి సింహద్వారం తలుపులు ఊడదీశారు. ఆ రోజుల్లో బాకీదారుల ఇళ్ల తలుపులు పట్టుకుపోవడం మామూలే. రెండు టేకు తలుపులు, ఇత్తడి బుడిపెలవి. మోయడానికి ఎనిమిది మంది పట్టారు. తాతగారు లోపలి వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నారు. వీపు వంచలేదు. అప్పటి నుంచి ఆయన పోయేదాకా ఆ గుమ్మానికి గోనెపట్టా వేలాడింది. బజారున పోయే ప్రతివాడికీ మా వసారా కనిపించేది.

ఆ రోజే అనుకున్నాను, మనిషి బాకీ సంగతి మూడో మనిషి చెవిన వేయకూడదని. ఇలాంటి ఉద్యోగంలోనే వచ్చి పడటం నా రాత. కానీ ఆ మాట నిలబెట్టుకున్నాను. సభ్యుల సంగతులు గోప్యంగా ఉంచాలని మా నిబంధనల్లోనూ ఉంది. నాకు నిబంధన అక్కర్లేకపోయింది.

పరీక్షల విభాగంలో ఒక జూనియర్ అసిస్టెంటు ఉండేవాడు. ముప్పై ఐదేళ్ల మనిషి, ఇస్త్రీ చొక్కా, మంచి బైకు, అందరినీ ‘అన్నా’ అని పిలిచే నోరు. ఒకరోజు మధ్యాహ్నం ఆఫీసులో ఎవరూ లేనప్పుడు వచ్చి నా ఎదుట కూర్చుని ఏడ్చాడు. ఫోనులో క్రికెట్ పందాలు కట్టేవాడు. ఫోను యాప్‌ల దగ్గర అప్పులు, ఆ అప్పులు తీర్చను ఇంకో యాప్ దగ్గర అప్పు. జీతం చిట్టీలో ఇవేవీ కనిపించవు. సొసైటీ నుంచి ఎనిమిది లక్షలు తీసుకుని అన్నీ ఒకేసారి తీర్చేస్తానన్నాడు. వద్దన్నాను. ఆడడం మానకుండా తీర్చితే మళ్లీ మొదటికే వస్తుందని చెప్పాను. మా సెక్రటరీ దగ్గరికి పోయి, పేరు చెప్పకుండా, అప్పు సొమ్ము మనిషి చేతికి కాకుండా నేరుగా అప్పులవాళ్లకు కట్టే పద్ధతి ఉందా అని అడిగాను. "లేని పద్ధతులు మీరెందుకు పుట్టిస్తారు మేడం?" అన్నాడాయన. అసిస్టెంటు జీతం ప్రకారం అర్హుడు. నేను ఆపగలిగింది ఏమీ లేదు. వాళ్లమ్మకు కూడా తెలియదని, ఎవరికీ చెప్పొద్దని చేతులు జోడించాడు. చెప్పనని మాటిచ్చాను.

మూడో రోజు కెమిస్ట్రీ అటెండరు అతని ఫారం పట్టుకుని వచ్చాడు. మొదటి జామీను గడిలో యూనియన్ నాయకుడి సంతకం ఉంది. రెండోది ఖాళీ.

"దొరసాని, పరీక్షలాఫీసు పిల్లగాడు సంతకం అడుగుతున్నడు. అయిదేండ్ల కింద మా పెద్దాడి మార్కుల కాయితం ఒక్క దినంల ఇప్పిచ్చిండు. కాదనుడు ఎట్ల? పెట్టుమంటరా?"

నేను ఫారం అందుకున్నాను. కిటికీ అవతల వేపచెట్టు కింద గ్రూప్ పరీక్షలకు చదివే ఆడపిల్లలు ఒకరికొకరు పాఠం అప్పజెప్పుకుంటున్నారు. ఆ గొంతులు ఇప్పటికీ వినిపిస్తాయి నాకు.

"జామీను అంటే తెలుసు కదా. ఆయన కట్టకపోతే నీ దగ్గర తీసుకుంటారు" అన్నాను. ఇది అందరికీ చెప్పే మాటే.

"తెలుసు. గది కాదు నేనడిగేది. మనిషి ఎట్లాంటోడు? మీకు అందరి సంగతీ ఎరుకుంటది."

నేనేమీ అనలేదు. ఫారం తిప్పి చూసి, మడిచి, బల్ల మీద అతని వైపు జరిపాను. రిజిస్టరు తెరిచి రాసుకోవడం మొదలుపెట్టాను. అతను కాసేపు నిలబడ్డాడు. తర్వాత "మంచిది దొరసాని" అని ఫారం తీసుకుని పోయాడు. ఆ గొంతులో ఏ బరువూ లేదు. నేను తలెత్తి చూడలేదు.

నాలుగు నెలలకు ఆ అసిస్టెంటు ఆఫీసుకు రావడం మానేశాడు. ఫోను పనిచేయలేదు. హబ్సిగూడలో అద్దె ఇంటికి తాళం. బెంగళూరులో ఉన్నాడని ఒకరు, ఇంకెక్కడో అని ఒకరు. జీతం ఆగిపోయింది, వాయిదా ఆగిపోయింది. ఇద్దరు జామీనుదారులకూ నోటీసులు వెళ్లాయి. యూనియన్ నాయకుడు నోటీసు చింపి సెక్రటరీ బల్ల మీదే పెట్టాడు. అతని జీతం ముట్టుకునే ధైర్యం మా కమిటీలో ఎవరికీ లేదు. ఎవరి సొమ్ము ముందు చేతికొస్తే వాళ్ల దగ్గర మొత్తం రాబట్టుకోవచ్చని నిబంధన. అటెండరు రిటైర్‌మెంటు ఇంకా అయిదు నెలలే.

నోటీసు పట్టుకుని వచ్చాడు. ఎప్పటిలాగే నిలబడ్డాడు. కోపం లేదు. లెక్కలో ఎక్కడో తప్పు దొర్లిందనుకునే మనిషిలా ఉన్నాడు.

"మీరు చూద్దామనలేదు గద దొరసాని" అన్నాడు.

"ఏమిటి?"

"చూద్దాం అనలేదు. ఫారం చూసిండ్రు, ఊకున్నరు, మీ పని మీరు చేసుకున్నరు. మా నాయిన చెప్పేటోడు. గడీల పెద్దదొర ముంగట ఏదన్న అడిగితే, అయ్యేది కాకపోతే చూద్దాం అంటడు. అయ్యేదైతే మాట్లాడకుంట తన పని చూసుకుంటడు. గప్పుడు మొక్కి ఇంటికి వచ్చుడే. ఎన్నడూ తప్పిపోలేదని చెప్పేటోడు."

పక్క బల్ల దగ్గర అకౌంటెంటు కాలిక్యులేటరు మీద వేళ్లు ఆపేశాడు.

మౌనం అర్ధాంగీకారం అంటుంది లోకం. మా గడీలో అది పూర్తి అంగీకారం. ‘సరే’ అనడం తాతగారికి చిన్నతనం. అడిగినవాడితో బేరానికి కూర్చున్నట్టుంటుందని. పొద్దున్నే వసారాలో జనం నిలబడేవాళ్లు. తాతగారు ఉర్దూ పేపరు పేజీ తిప్పితే ఒకడి పని అయినట్టు. అది నేను చిన్నప్పుడు వందసార్లు చూశాను. అటెండరు చెప్పేదాకా గుర్తు లేదని మీకు రాయగలను. రాస్తే ఎవరూ కాదనలేరు. కానీ ఆ రోజు రిజిస్టరు తెరిచి కలం పట్టుకున్నప్పుడు, నా చేయి ఎవరి చేతిలా కదిలిందో నాకు తెలుసు. అతను నిశ్చింతగా "మంచిది" అన్నప్పుడు, ఏదో తప్పుగా అర్థమైందని ఒక్క క్షణం తట్టింది. పిలవొచ్చు. ఇంకా గుమ్మం దాటలేదు. వెనక నుంచి మనిషిని కేకేసి పిలవడం మా ఇంట్లో లేదు.

అతను పోయాక అకౌంటెంటు అన్నాడు, ఈసారి వెటకారం లేకుండా: "వద్దు అన్న రెండక్షరాలకి ఏమైపోయేదండి? కారణం చెప్పక్కర్లేదు కదా."

ఆ మాట నాకు ఎందుకు తోచలేదో ఇప్పటికీ చెప్పలేను. అసిస్టెంటు రహస్యం అసిస్టెంటు దగ్గరే ఉండేది. ఒక్క ‘వద్దు’తో అందరి పరువూ నిలిచేది.

కమిటీకి అర్జీ రాశాను, రెండు జామీనుల మీదా సగం సగం వేయమని. మూడు సమావేశాల్లో వాయిదా వేశారు. నాలుగోసారి, "మీకు ఆ అటెండరు చుట్టమా?" అని అడిగారు. చుట్టం కాదన్నాను. అంతే.

ఒక ఆదివారం క్వార్టర్సుకు వెళ్లాను. నానమ్మ ఇచ్చిన బంగారు గుండ్ల పేరు ఒకటి నా దగ్గర మిగిలి ఉంది. జీపు వచ్చిన రోజు ఆవిడ దాన్ని బియ్యం కుండలో దాచింది. చేతిరుమాలులో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. మెట్రో స్టేషన్ దగ్గర ఆటో దిగి, రాళ్లగుట్ట పక్కనుంచి నడిచాను. క్వార్టర్ గుమ్మంలో అతని భార్య మోకాళ్లకు నూనె రాసుకుంటోంది. అతను లేచి నిలబడి, లోపలికి పోయి కుర్చీ తెచ్చాడు. నేను కూర్చుని రుమాలు విప్పి ముందు పెట్టాను.

"ఇది అమ్మితే జామీను కింద పోయేదాంట్లో సగానికి పైన వస్తుంది. మిగతాది నేను సర్దుతాను. ఇంటి గడువుకు అందుతుంది" అన్నాను.

అతను ఆ బంగారం వైపు చూడలేదు, నేల చూశాడు. మాట్లాడింది ఆమె.

"ఎందుకిస్తున్నరు మేడం? దానమా, అప్పా?"

"రెండూ కాదు."

"మరి ఏంది?"

జవాబు నా దగ్గర ఉంది. ‘తప్పు నాది’ అనాలి. ఆ మాట నాలుక దాకా వచ్చి, అక్కడ కూర్చుంది.

"అడుగుతున్న గద, ఏమన్న అనుండ్రి. ఈయనకు మీరు మాట్లాడకున్నా సమజైతది. నాకు గాదు. నేను గడీల పుట్టలె, గడీల పనికి పోలె. నాకు నోటితోని చెప్పాలె."

"ఊకోయే" అన్నాడతను.

"నేనెందుకు ఊకుంట? ఊకున్నోళ్లు ఊకున్నందుకే గదా గిట్లయింది." రుమాలు నాలుగు చెంగులూ మళ్లీ మడిచి నా వైపు జరిపింది. నూనె చేతులు కదా, గుడ్డకు మరకలు పడ్డాయి. "మీ ఇంటి సొమ్ము మీ ఇంట్లనే ఉండనియ్యండ్రి. చాయ్ తాగుతరా?"

తాగుతానన్నాను. వాళ్ల గ్లాసులో తాగాను. బయట ఎక్కడో నెమలి అరిచింది. క్యాంపస్‌లో వాటి అరుపు అందంగా ఉంటుందని కొత్తగా వచ్చినవాళ్లు అంటారు.

లాలాపేట ఇల్లు గడువుకు అందలేదు. బయానా పోయింది. ఇంటాయన ఒక్క రూపాయి తిరిగివ్వలేదు. కాగితం ప్రకారం ఇవ్వక్కర్లేదు. అంబర్‌పేటలో, కొడుకు అద్దెకుండే ఇంటి వెనక, రేకుల గది ఒకటి చూసుకున్నారని అకౌంటెంటు చెప్పాడు. "మెట్లు లేవంటండి, ఆవిడకి అదొక్కటి నయం" అన్నాడు. నేను తల ఊపాను.

అంతకు రెండు నెలల ముందు, అతను రిటైరైన రోజు, డిపార్ట్‌మెంటులో శాలువా కప్పారు. ఆ శాలువాతోనే మా ఆఫీసుకు వచ్చాడు. మెడలో బంతిపూల దండ ఇంకా ఉంది. నేను అతని లెక్క ముందే తేల్చి పెట్టాను. పొదుపు ఇంత, జామీను కింద మినహాయింపు ఇంత, మిగిలేది ఇంత. ‘బాకీ లేదు’ కాగితం మీద నేనే సంతకం పెట్టాలి. వేరేవాళ్లతో పెట్టించొచ్చునా అని ముందు రోజు సెక్రటరీని అడిగాను. ఆయన నవ్వాడు.

అతను బల్ల ముందుకు వచ్చాడు. కుర్చీ వెనక్కి లాగి, దండ తీసి ఒళ్లో పెట్టుకుని, కూర్చున్నాడు. పందొమ్మిదేళ్లలో మొదటిసారి. కూర్చుంటే అతని ముఖం నా ముఖానికి సమానంగా వచ్చింది. కుడి కనుబొమ్మ మీద కాలిన మచ్చ ఒకటి ఉందని అప్పుడే చూశాను.

కాగితం అతని వైపు తిప్పాను. వేలు పెట్టి ప్రతి వరుసా చదివాడు. మినహాయింపు దగ్గర వేలు కాసేపు ఆగింది. నేను చెప్పాలనుకున్నది అప్పుడైనా చెప్పాలి.

"తప్పు నాది" అన్నాను. "ఆ రోజు వద్దని చెప్పాల్సింది."

పసుపు వేలు కాగితం మీద నుంచి తీశాడు.

"అవును మేడం" అన్నాడు. "సంతకం ఎక్కడ పెట్టాలె?"

చూపించాను. పెట్టాడు. నేనూ పెట్టాను.